ఇంట్లో నంబరు బయటివాడికెలా తెలిసింది?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది రామంతాపూర్. ముందు కిరాణా దుకాణం, వెనక మా ఇల్లు. పైన రెండు పోర్షన్లు కిరాయికిచ్చినం, ఉద్యోగాలు చేసుకునే పిల్లలు నలుగురు ఉంటరు. వైఫై నా పేరు మీదున్నది, అందరం అదే వాడుతం. పోయిన వారం వాట్సాప్‌ల ఒక పీడీఎఫ్ వచ్చింది. నా పేరు, ఫోన్ నంబరు, మా ఐపీ నంబరు అన్నీ రాసున్నయి. ఆ ఐపీ మీద 312 పాటలు అక్రమంగా డౌన్‌లోడ్ అయినయట. 72 గంటలల్ల 38,500 కట్టి సెటిల్ చేసుకోకపోతే ఎఫ్‌ఐఆర్, అరెస్టు అని ఉంది. భయమైతే రెండు రోజుల కింద 5,000 పంపిన. ఇప్పుడు మిగతాది పంపమని రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నరు. దాచుడెందుకు, నేను పాటలు దించుకున్న మాట నిజమే. ఒక ఫ్రీ సైటుకెల్లి యాప్ వేసుకొని, పాత పాటలు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి దుకాణంల పెడుత. మా బాబు ఇంటర్ సెకండియర్. వాడు ఇంకేమన్న చేసిండేమోనని మా ఇంటామెకు అనుమానం. రాత్రి వాడు పండుకున్నంక వాని వేలు పెట్టి ఫోన్ తెరిచి చూద్దామంటుంది. ఆ నోటీసు నిజమేనా? నా వివరాలు వాళ్ళకెట్ల తెలిసినయి? ఫోన్ మొత్తం చెరిపేస్తే బయటపడతనా? పేరు వెయ్యకండి.

సమాధానం: మీ ఉత్తరం అందిన సాయంత్రమే రెండు ముక్కలు రాశాను: ఇంకో రూపాయి పంపకండి, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి అని. చేశారనే అనుకుంటున్నాను. యూపీఐలో పోయిన డబ్బు తిరిగిరావడం గంటల లెక్క. అవతలి ఖాతాలో ఉండగానే బ్యాంకు దాన్ని ఆపాలి. నాలుగు ఖాతాలు మారి ఏటీఎం దాటితే ఇక దాని మీద ఆశ తగ్గించుకోవాల్సిందే. అప్పటికే రెండు రోజులు గడిచాయి కాబట్టి ఆ 5,000 వస్తుందని మాటివ్వలేను. మిగతా 33,500 మాత్రం మీ గల్లాలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ నోటీసు దొంగది.

మీరు పంపిన పీడీఎఫ్‌ను పెద్దది చేసుకుని చదివాను. పైన మూడు సింహాల ముద్ర, దాని పక్కనే గ్రామఫోన్ బొమ్మ. జాతీయ చిహ్నాన్ని ఎవరుపడితే వాళ్ళు తమ కాగితాల మీద వేసుకోకూడదని 2005లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. ప్రభుత్వ శాఖైతే పాటల కంపెనీ తరఫున సెటిల్‌మెంటు బేరానికి కూర్చోదు. కాబట్టి ఆ రెండు బొమ్మలు ఒకే కాగితం మీదికి ఎలా వచ్చాయో గీసినవాడికే తెలియాలి. కింద ఐటీ చట్టం సెక్షన్ 66ఎ అని రాశాడు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. బతికున్న రోజుల్లో కూడా అది నెట్‌లో రాసే అభ్యంతరకర రాతల గురించే తప్ప పాటల గురించి కాదు.

ఇవి చిల్లర తప్పులు. అసలు సంగతి నాలుగో పేరాలో ఉంది. అక్కడ మీ ఐపీ నంబరని 192.168.1.7 అని వేశాడు. 192.168తో మొదలయ్యే నంబర్లు మీ ఇంటి రౌటరు తన కింద ఉన్న ఫోన్లకు, టీవీలకు పెట్టుకునే ముద్దుపేర్లు. మీ ఇంట్లో చిన్నూ ఉన్నట్టే పక్కింట్లోనూ ఒక చిన్నూ ఉంటాడు, ఆ పై సందులోనూ ఉంటాడు. హైదరాబాదులో లక్షల ఇళ్ళలో ఈ నంబర్లే తిరుగుతుంటాయి. గడప దాటితే వాటికి గుర్తింపు లేదు. బయట ఇంటర్నెట్‌లో మీ ఇంటికి ఉండే నంబరు పూర్తిగా వేరు, దాన్ని ఇంటర్నెట్ కంపెనీ ఇస్తుంది. నిజంగా ఏ మ్యూజిక్ కంపెనీ అయినా మిమ్మల్ని పట్టుకుని ఉంటే నోటీసులో ఆ బయటి నంబరే ఉండేది.

అందుకే మిమ్మల్ని ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి చూడమన్నాను. మీ ఫోన్‌కు రౌటరు ఇచ్చిన నంబరు సరిగ్గా 192.168.1.7 అని జవాబిచ్చారు. డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ఎన్ని పాటలున్నాయో లెక్కపెట్టమన్నాను. 312. అప్పటిదాకా ఇది ఊరంతటికీ పంపే గాలివాటు నోటీసేమో అనుకున్నాను, కాదు. ఇంట్లో ముద్దుపేరు బయటివాడికి తెలిసిందంటే ఇంట్లోవాళ్ళెవరో చెప్పినట్టే. ఈ కథలో ఇంట్లోవాడు మీరు వేసుకున్న ఆ యాప్.

ప్లేస్టోర్‌లో కాకుండా సైటు నుంచి దించి, "తెలియని యాప్‌లను అనుమతించాలా" అని ఫోన్ అడిగితే అవునని నొక్కి వేసుకున్నారు కదా. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో దానికిచ్చిన అనుమతుల జాబితా ఉంది: కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు, ఫైళ్ళు. పాట వినిపించడానికి దానికి మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని? తెరవగానే పేరు, ఫోన్ నంబరు కూడా అడిగింది, మీరిచ్చారు. ఆ నలభై సెకన్లలో మీ నోటీసుకు కావలసిన సరుకంతా వాడికి చేరిపోయింది. మీకు పాటలిచ్చినవాడు, ఇప్పుడు పాటలు దించావని బెదిరిస్తున్నవాడు ఒకే మనిషి కావచ్చు, లేదా మొదటివాడి దగ్గర రెండోవాడు మీ వివరాలు కొనుక్కుని ఉండవచ్చు. మ్యూజిక్ కంపెనీకి మాత్రం రామంతాపూర్‌లో మీరున్నారనే తెలియదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో కోఠీలో ఒక కేసెట్ల షాపుండేది. ఖాళీ కేసెట్టు, పాటల చీటీ ఇచ్చి వస్తే రెండ్రోజుల్లో ఎక్కించి, అట్ట మీద స్కెచ్ పెన్నుతో పాటల పేర్లు రాసిచ్చేవాడు. అదీ కాపీరైటు ఉల్లంఘనే, మాకెవరికీ ఆ మాటే తెలియదు. ఆ షాపు అన్న దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. ఎవరు ఏ పాటలడిగారో అందులో ఉండేది. మా క్లాసులో ఒకడు వరసగా మూడు కేసెట్లు విరహగీతాలు ఎక్కించుకుంటే ఆ అన్న నవ్వి, "ఏమైంది భాయ్" అని అడిగాడట. వాడు మళ్ళీ ఆ షాపు మెట్లెక్కలేదు. ఇప్పుడూ ఫ్రీ సైటువాడి దగ్గర అలాంటి పుస్తకమే ఉంది, కాకపోతే అది మన కంటికి కనపడదు. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఐబొమ్మ నడిపే మనిషిని పట్టుకున్నప్పుడు, దాన్ని వాడిన 50 లక్షల మంది వివరాలు అతని దగ్గర ఉన్నాయని ప్రకటించారు. సినిమా ఫ్రీగా చూశామనుకున్నవాళ్ళు తాము ఒక జాబితాలో వరసగా నిలబడి ఉన్నామని ఆ రోజు తెలుసుకున్నారు.

వ్యక్తిగత డేటా రక్షణకు మనకు 2023లో చట్టం వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ దొంగ సైటుకు అడ్రసే లేనప్పుడు "నా వివరాలు తీసేయండి" అని ఎవరికి రాస్తారు? కరెంటు బిల్లు యాప్ మీద ఫిర్యాదు చేయొచ్చు, బ్యాంకు మీద చేయొచ్చు. వీళ్ళ విషయంలో ఆ తలుపు లేదు.

నిజమైన కేసు ఎలా ఉంటుందో కూడా తెలిస్తే మీకు నిద్ర పడుతుంది. టొరెంటు లాంటి పద్ధతిలో పాట దించుకునేవాడు అదే సమయంలో తనకొచ్చిన ముక్కల్ని ఇతరులకు పంచుతూ ఉంటాడు. కంపెనీ మనిషి ఆ గుంపులో చేరి కూర్చుంటే ఎవరి బయటి ఐపీ నుంచి ముక్కలు వస్తున్నాయో కనపడతాయి. ఇలాంటి పద్ధతిలోనే అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం 2003 సెప్టెంబరులో ఒకేసారి 261 మంది మీద దావాలు వేసింది. అందులో న్యూయార్క్‌లో ఒక 12 ఏళ్ళ పిల్ల తేలింది. వాళ్ళమ్మ 2,000 డాలర్లు కట్టి బయటపడింది. తర్వాత ఒకసారి, అప్పటికే చనిపోయిన 83 ఏళ్ళ ముసలావిడ మీద దావా పడింది. నంబరును చూసి మనిషిని ఊహిస్తే ఇలాగే ఉంటుంది. జనం నవ్వి, తిట్టి, చివరికి 2008లో ఆ సంఘం ఇళ్ళ మీద దావాలు వేయడం మానుకుంది. అప్పటికి 30,000 మందికి పైగా దీని బారిన పడ్డారు.

ఐపీ దొరికినా పేరు దొరకదు, అది ఇంటర్నెట్ కంపెనీ రికార్డులో ఉంటుంది. మొదట్లో ఆ సంఘం జడ్జి దాకా పోకుండా, కోర్టు గుమాస్తా ఇచ్చే సమన్లతోనే పేర్లు లాగేది. వెరైజన్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఎదురుతిరిగింది. మా వైర్ల మీద ఎవరో పాట పంపుకుంటే ఇంత తేలిగ్గా కస్టమరు పేరు ఇవ్వాలా అని కోర్టుకెళ్ళింది. 2003 డిసెంబరులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు వెరైజన్ మాటే నిలబెట్టింది. ఆ తర్వాత పేరు తెలియని ప్రతివాది మీద దావా వేసి, జడ్జి ఒప్పుకుంటేనే పేరు అడగాల్సి వచ్చింది. మన కోర్టుల్లో అలా పేరు తెలియని ప్రతివాదికి అశోక్ కుమార్ అని పెడతారు. (నిజంగా ఆ పేరున్నవాళ్ళు ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డారో!) కాకపోతే మన దగ్గర ఆ ఉత్తర్వులు ఎక్కువగా సైట్ల మీదే. పేరు మార్చుకుని మళ్ళీ పుట్టే సైట్లను ప్రతిసారీ కొత్త దావా లేకుండా ఆపే పద్ధతిని ఢిల్లీ హైకోర్టు 2019లో తెచ్చింది. ఇంట్లో పాట దించుకున్నవాడికి వాట్సాప్‌లో బిల్లు పంపడం ఇక్కడి కంపెనీల ఆనవాయితీ కాదు.

మీ పేరు అడిగి తీసుకోగలిగేది కోర్టు, లేదా కేసు దర్యాప్తులో ఉన్న పోలీసులు. ఆ పోలీసులైనా మిమ్మల్ని విచారణకు పిలిచే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మనిషి వచ్చి చేతికి ఇవ్వాలి, లేదా చట్టం చెప్పిన మరో దారిలో అందాలి. కాబట్టి "ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుతున్నా" అని వాట్సాప్‌లో ఎవడు పలికినా మీరు పప్పు తూకం వేసుకుంటూ ఫోన్ పెట్టేయొచ్చు.

ఇక మీ తప్పు సంగతి. "నేను దించుకున్న మాట నిజమే" అని మీరే రాశారు కాబట్టి ఊరడింపుగా తీసిపారేయలేను. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో తెలిసి చేసే ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు అంతకంటే తగ్గించే వీలు కోర్టుకుంది. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరమేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే శిక్ష ఏడేళ్ళ లోపు ఉన్న నేరాల్లో పోలీసులు మామూలుగా ముందు నోటీసిచ్చి పిలుస్తారు, అర్ధరాత్రి తలుపు కొట్టరు. సొంత వాడకానికి న్యాయంగా వాడుకోవడం అనే మినహాయింపు కూడా అదే చట్టంలో ఉంది. దొంగ సైటు నుంచి దించిన పాటకు అది అండగా నిలబడుతుందని నేను రాసివ్వను. లాయర్లే దాని మీద రెండు మాటలు మాట్లాడతారు.

మీరు అడగని విషయం ఒకటి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. దుకాణంలో స్పీకర్ పెట్టి వినిపిస్తున్నారు. గదిలో కూర్చుని వినడం వేరు, గిరాకీ వచ్చేచోట వినిపించడం వేరు. రెండోది సొంత వాడకం కిందికి రాదు. షోరూములు, హోటళ్ళు పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్ఎస్ లాంటి సంస్థలకు లైసెన్సు ఫీజు కట్టేది అందుకే. నెలనెలా డబ్బు కట్టే పాటల యాప్ అయినా మీ చెవికే తప్ప మీ గిరాకీకి కాదని దాని షరతుల్లో రాసి ఉంటుంది. రామంతాపూర్ కిరాణా కొట్టు మీదికి తనిఖీకి ఎవరో దిగుతారని భయపెట్టడం లేదు. ఆ పెన్‌డ్రైవ్ తీసేసి, గల్లా దగ్గర మీకు మాత్రమే వినపడేంత సౌండులో పెట్టుకోండి. డబ్బు కట్టకుండా ప్రకటనలతో వినే యాప్‌లలోనూ మీ పాత పాటలు చాలావరకు దొరుకుతాయి. పాట రాసినవాళ్ళకు, పాడినవాళ్ళకు నాలుగు పైసలు చేరాలన్నది నా పక్షం. ఆ పైసల కోసం మీ ఫోన్ తవ్వుకునే హక్కు వాళ్ళకుందని మాత్రం అనను.

పైన ఉండే పిల్లల గురించి: వాళ్ళలో ఎవరైనా టొరెంటు వాడితే బయటికి కనపడేది మీ కనెక్షనే. కానీ కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే నేరం వాళ్ళదే అని తేల్చేయడం కుదరదు. 2018లో అమెరికాలో ఒక సినిమా కంపెనీ వేసిన కేసులో ప్రతివాది మీలాగే పదిమంది వచ్చిపోయే వసతి నడిపే మనిషి. వైఫై అందరిదీ. ఐపీ అతనిదైనంత మాత్రాన దించింది అతనే అని చెప్పలేమని అప్పీలు కోర్టు ఆ దావాను నిలవనివ్వలేదు. అక్కడి తీర్పు ఇక్కడ చెల్లాలని లేదు, కానీ తర్కం మన జడ్జికీ అర్థమవుతుంది. అయినా ఆ తలనొప్పి మీకెందుకు? రౌటరులో గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే ఉంటుంది, కిరాయిదార్లకు అది ఇవ్వండి. లేదా వచ్చే నెల నుంచి వాళ్ళ కనెక్షన్ వాళ్ళనే పెట్టుకోమనండి.

మీ ఇంటామెకు నా మాటగా చెప్పండి, ఆ వేలు పని వద్దు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ తన మ్యూజిక్ సీడీల్లో ఒక సాఫ్ట్‌వేర్ దాచిపెట్టింది. సీడీని కంప్యూటర్లో పెడితే అది చడీచప్పుడు లేకుండా లోపల దూరి, కనపడకుండా కూర్చునేది. కాపీలు ఆపడానికట. బయటపడేసరికి అమెరికాలో గగ్గోలైంది, సీడీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, కోర్టుల్లో పరిహారాలు ఒప్పుకోవాల్సి వచ్చింది. అందులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏమిటంటే, దొంగ కాపీ వాడినవాడికి ఏమీ కాలేదు, డబ్బిచ్చి అసలు సీడీ కొన్నవాడి ఇంట్లోనే వాళ్ళు దూరారు. నిద్రపోతున్న పిల్లాడి వేలు పట్టుకుని ఫోన్ తెరవడం కూడా అలాంటిదే. ఈ మొత్తంలో వాడి తప్పు ఉందనడానికి మీ దగ్గర ఒక్క ఆధారమూ లేదు. 312 పాటలు మీవి, యాప్ మీది, 192.168.1.7 మీ ఫోన్‌ది.

పైగా పదిహేడేళ్ళవాడికి పొద్దున్నే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ తర్వాత వాడికి నిజంగా ఏ బెదిరింపు వచ్చినా మీ దగ్గరికి రాడు, మీలాగే భయపడి ఎవడికో ఐదు వేలు పంపుతాడు. అన్నం తినేటప్పుడు మీరే మొదలుపెట్టండి: "అరె, నాకిట్ల అయ్యింది, ఈ యాప్ ఎట్ల తీసెయ్యాల్నో చూపియ్యి" అని. నాన్న మోసపోయాడని తెలిస్తే పిల్లలు ముందు కాస్త నవ్వుతారు, ఓర్చుకోండి. ఆ నవ్వు అయ్యాక వాడి ఫోన్‌లో ఏమున్నాయో వాడే చెప్పే అవకాశం ఎక్కువ.

చివరి ప్రశ్న, ఫోన్ చెరిపేయడం. చెరపాలి, ఇప్పుడే కాదు. మీరు మోసపోయారని చూపించే రుజువంతా అందులోనే ఉంది. ముందు ఇంటామె ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ ఆపించండి; పిన్, పాస్‌వర్డు రీసెట్ తర్వాత కొత్తవి పెట్టుకోండి. ఆ యాప్ మీ ఎస్ఎంఎస్‌లు చదువుతోందంటే ఓటీపీలు కూడా చదువుతోంది. తర్వాత వాట్సాప్ సంభాషణ, ఆ పీడీఎఫ్, వాళ్ళ నంబర్లు, 5,000 పంపిన లావాదేవీ నంబరు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి వేరే ఫోన్‌కు పంపుకోండి. 1930కి చెప్పినప్పుడు వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో మిగతా వివరాలు పెట్టండి, దగ్గరి స్టేషన్లో కూడా ఒక కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. "ఫ్రీ డౌన్‌లోడ్ చేశానని తిడతారేమో" అని జంకకండి. మీరు వెళ్ళేది మోసపోయి, వాళ్ళు రోజూ చూసే మోసమే ఇది. ఇవన్నీ అయ్యాక యాప్ తీసేసి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. రీసెట్ అయ్యాక పాత బ్యాకప్ నుంచి ఆ యాప్ మళ్ళీ ఎక్కకుండా బాబును పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆ ఫిర్యాదు నంబరును మాత్రం దుకాణం ఖాతా పుస్తకం చివరి పేజీలో పెన్నుతో రాసుకోండి. ఫోన్‌లో దాచుకుంటే రీసెట్‌లో అదీ పోతుంది.